ఆరు దారాలు

మా ఊరివైపు కుక్కపిల్లను అమ్మరు, ఇస్తారు. అట్లాగని అడిగిన ప్రతివాళ్ళకూ ఇవ్వరు. ఇంటికొచ్చి, అరుగుమీద కూచుని, మంచినీళ్ళు తాగి, వానల సంగతీ పత్తి సంగతీ అయ్యాక, అప్పుడే గుర్తొచ్చినట్టు "మీ కుక్క పిల్లల్ని పెట్టిందంట కదా" అనాలి. ఇచ్చేవాళ్ళు వెంటనే సరేననరు. "చూద్దాం" అంటారు. అడిగినాయన దగ్గర ఇంతకుముందున్న కుక్క ఏమైపోయిందో నాలుగు ఇళ్ళలో ఆరా తీస్తారు. ఆ కుక్క ముసలిదై ఇంట్లోనే పోయిందని తెలిస్తేనే మాట ముందుకు పోతుంది.

పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో మొదటిసారి కుక్క పిల్లల్ని పెట్టింది. ఆరు పిల్లలు. వాటిలో ఒక్కటే మా ఇంట్లో ఉండాలి, మిగతావాటికి ఇళ్ళు వెతకాలి. ఉండేది ఏదో తేల్చే పని నాయన నాకు అప్పజెప్పినాడు. ఎనిమిది వారాలపాటు నేను చేసిన ఆ పని గురించే ఈ నాలుగు మాటలు.

మాది కోవిల్‌పట్టి దగ్గర పల్లె. హాస్టల్లో ఈ మాట చెబితే "తమిళనాడులో తెలుగువాళ్ళా?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి కొంచెం చెబుతాను. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా సుమారు యాభై కిలోమీటర్లు. దారి పొడుగునా నల్లరేగడి నేల. తమిళంలో కరిసల్ కాడు అంటారు. విజయనగర కాలంలో, నాయకరాజుల కాలంలో దిగివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ నేలమీద పత్తి, సజ్జ, మిరప వేసుకుంటూ ఇక్కడే ఉండిపోయాయి. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది కూడా తెలుగు ఇల్లే. ఆయన తమిళంలో రాసిన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. మాకు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. కుక్కతో మాత్రం మా అవ్వ తెలుగే మాట్లాడుతుంది.

ఈ నేలకు కుక్కల వల్ల కూడా పేరుంది. విరుదునగర్ వైపున్న చిప్పిపారై అనే పల్లె పేరే ఒక జాతి పేరయింది. సన్నటి నడుము, లోతైన రొమ్ము, పొడుగు కాళ్ళు, ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి బొచ్చు. వాసన పట్టి కాదు, కంటితో చూసి తరిమే జాగిలం ఇది. ఇదే తీరులో ఉండి, ఒళ్ళంతా నల్లగా, కళ్ళపైనా మూతికీ కాళ్ళకూ తేనెరంగు ఉన్నదాన్ని కన్ని అంటారు. రెండూ వేరువేరు జాతులని కొందరు, ఒకే జాతిలో రంగులని కొందరు వాదించుకుంటారు. ఆ వాదన మా ఇంట్లోకి కూడా వచ్చింది, తరవాత చెబుతాను. రాజపాళయం కూడా విరుదునగర్ జిల్లాలోదే. అక్కడి తెలుగు రాజుల ఇళ్ళలో పెరిగిన తెల్లకుక్క బొమ్మతో 2005 జనవరిలో తపాలా బిళ్ళ వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో నాటు జాతుల గురించి మాట్లాడుతూ రాజపాళయం, కన్ని, చిప్పిపారై పేర్లు చెప్పారు. అప్పటినుంచి మా పల్లెలకు పట్నాల ఫోన్లు ఎక్కువయ్యాయి.

మా కుక్క పేరు మల్లి. గోధుమ వన్నె చిప్పిపారై. పోయిన ఫిబ్రవరిలో మూడోసారి ఎదకు వచ్చింది, అప్పటికి రెండేళ్ళు దాటాయి. కుక్కల పెంపకం మీద 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాకే జత కట్టించాలి. నాయనకు ఆ నియమాలు తెలీవు. "మొదటి రెండు ఎదలు వదిలెయ్యాల" అన్నది ఆయనకు వాళ్ళ తాత చెప్పిన లెక్క. రెండు లెక్కలూ ఇంచుమించు ఒక్కచోటికే వచ్చాయి.

మగకుక్క విరుదునగర్ దగ్గర మా పెదమామ ఇంట్లో ఉంది. అదీ గోధుమ వన్నెదే. ఎద మొదలైన పదకొండో రోజున మల్లిని కుట్టియానైలో ఎక్కించి సాత్తూరు మీదుగా తీసుకుపోయారు. కుట్టియానై అంటే ఏనుగుపిల్ల. మావైపు చిన్న సరుకుల వ్యానును అట్లా పిలుస్తారు. మూడు రోజులు అక్కడ ఉంచి తిరిగి తెచ్చాక, ఎద పూర్తిగా తగ్గేదాకా అవ్వ దాన్ని వంటింటి పక్క గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. బయటికి తీసుకుపోయినా గొలుసు తన చేతిలోనే. ఈ గొళ్ళెం సంగతి గుర్తుపెట్టుకోండి.

కుక్కకు చూలు అరవై మూడు రోజులు, ఒకటి రెండు రోజులు అటూఇటూ. నేను పరీక్షలు రాసి ఇంటికి వచ్చేసరికి యాభై ఎనిమిదో రోజు. మల్లి నడుము కనపడకుండా పోయింది. అవ్వ దానికి సజ్జ అంబలిలో మజ్జిగ పోసి, రోజూ ఒక గుడ్డు వేసి పెడుతోంది. కోవిల్‌పట్టి పశువైద్యశాలలో డాక్టరమ్మ నాకు ఒక ఉపాయం చెప్పింది. రోజుకు రెండుసార్లు కుక్క ఒంటి వేడి చూస్తూ ఉండాలి. మామూలుగా నూట ఒకటి, నూట రెండు డిగ్రీల దగ్గర ఉండేది తొంభై తొమ్మిదికి దిగిందంటే ఒక రోజులోపల పిల్లల్ని పెడుతుంది. ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం థర్మామీటర్ తొంభై ఎనిమిదిన్నర చూపించింది. నాయన నమ్మలేదు. ఆ రాత్రి రెండింటికి మొదటి పిల్ల పుట్టింది.

తెల్లారేసరికి ఆరు. నాయనకు చిల్లరకొట్టు ఉంది కదా, కొట్టులో ఉన్న ఎలక్ట్రానిక్ తరాజు తెచ్చి, దానిమీద ఒక సత్తు గిన్నె పెట్టి ఒక్కొక్కదాన్నీ తూచినాను. పెద్దది మూడు వందల తొంభై గ్రాములు, చిన్నది రెండు వందల ఎనభై. అన్నీ ఎలక పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. గుర్తు తెలియాలని అమ్మ కుట్టుమిషను డబ్బాలోంచి ఆరు రంగుల దారాలు తీసి మెడల్లో వదులుగా కట్టినాను. పిల్లలు ఎంత తొందరగా పెరుగుతాయంటే, ఆ దారాలు మూడు రోజులకోసారి మార్చాల్సి వచ్చింది. ఎర్రదారం, నీలిదారం మగవి. పసుపు, ఆకుపచ్చ, తెలుపు, ఊదా ఆడవి. తెల్లదారం, ఊదాదారం పిల్లలు మాత్రం రంగులో వేరు, నల్లటి ఒంటిమీద తేనె చుక్కలు. ఊదాదారమే అన్నింట్లోకి చిన్నది.

నేను పుస్తకంలో రాసుకుంటుంటే అవ్వ వచ్చి కూచుని లెక్కపెట్టింది. "మగవి రెండేనా?" అంది. కాసేపాగి, "సరే, రెండుండినా చాలులే" అంది.

ఆ "చాలులే"కి అర్థం నాకు అప్పుడు తెలీలేదు. సాయంత్రం అమ్మ చెప్పింది. అవ్వ చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో ఎన్ని పిల్లలు పుట్టినా తల్లి దగ్గర రెండే ఉంచేవాళ్ళంట. మిగతావి తీసేసేవాళ్ళు. తీసేయడం అంటే ఏమిటో నేను విడిగా రాయనక్కరలేదు. తీసేసేవాటిలో ఆడవి ముందు. ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది, ఇంటిముందు వీధికుక్కలు చేరతాయి, చూలుతో ఉన్నప్పుడు వేటకు పనికిరాదు. కుందేళ్ళ వేట ఉన్న రోజుల లెక్క అది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట నేరమయింది. వేట పోయింది గానీ లెక్క అట్లాగే ఉండిపోయింది.

రాత్రి అవ్వనే అడిగినాను. ఆమె దాచలేదు.

"మాకే తినడానికి లేని ఏళ్ళు పాపా అవి. తల్లికి పెట్టేదే దోసెడు అంబలి. ఆరింటికీ పాలెక్కడినించి వస్తాయి? రెండుంచితే రెండూ గట్టిగా పెరుగుతాయి. ఆరూ ఉంచితే ఆరూ బక్కవే. ఎవరు తీసుకుపోతారు?"

"ఇప్పుడు మనకు తినడానికి ఉంది కదా అవ్వా."

"ఉండాది. ఆడదాన్ని తీసుకుపోయేవాళ్ళు ఉండారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నారో లేదో ఎనిమిది వారాల తరవాత గానీ తెలియదు. కానీ తల్లికి పాలు చాలవన్న మాటకు జవాబు వెతకొచ్చు. రోజూ తూచి, ఏ పిల్లయినా బరువు పెరగడం ఆగిందంటే అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. నాయన సరేనన్నాడు. అవ్వ ఏమీ అనలేదు.

కుక్కపిల్ల పుట్టినప్పటి బరువుకు ఎనిమిది నుంచి పది రోజుల్లో రెట్టింపు కావాలి. మొదటి ఒక్క రోజులో తాగిన ముర్రుపాలలోంచే దానికి రోగాలను తట్టుకునే బలం వస్తుంది. మొదటి రెండు వారాలు తన ఒంటి వేడి తాను కాపాడుకోలేదు. ఈ మూడూ డాక్టరమ్మ చెప్పినవే. వెనకవైపు చన్నుల్లో పాలు ఎక్కువగా ఉంటాయని అవ్వ చెప్పింది. ప్రతి రెండు గంటలకూ పోయి, ఎర్రదారాన్నీ నీలిదారాన్నీ ముందుకు జరిపి, ఊదాదారాన్ని వెనక చన్నుకు పట్టించేదాన్ని. ఆ మగపిల్లలు రెండూ మళ్ళీ తోసుకుంటూ వెనక్కి వచ్చేవి. మళ్ళీ జరిపేదాన్ని.

మూడో రాత్రి గాలివాన కొట్టింది. పొద్దున కలుపుకుంటే ఉక్కపోతతో చచ్చిపోతున్న మే నెల, ఒక్క గంటలో చల్లబడింది. పందిరి సందుల్లోంచి జల్లు పడి ఒక మూల తడిసింది. ఊదాదారం పిల్ల ఆ మూలకు పొర్లిపోయి ఉంది. పట్టుకుంటే చల్లగా తగిలింది. నోరు తెరుస్తోంది గానీ అరుపు లేదు. అమ్మ పాలు వెచ్చబెడతానంది. ముందు పాలు వద్దు, చల్లబడిన పిల్లకు పాలు అరగవు, ముందు వేడి కావాలి అని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుంది. అవ్వ ఏమీ మాట్లాడకుండా దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కొంగులో చుట్టి, రవిక లోపల రొమ్ముకు ఆనించుకుని కూచుంది. గంటన్నర. అది కదలడం మొదలుపెట్టాక మల్లి దగ్గర పెట్టినాము. పొద్దున తూచితే పది గ్రాములు తగ్గింది. ఆ మరుసటి రోజు ఎనిమిది పెరిగింది. పన్నెండో రోజుకు ఊదాదారం ఐదు వందల అరవై దాటింది. రెట్టింపు. ఆ అంకె అవ్వకు చూపించినాను. ఆమెకు చదవడం రాదు, తరాజు మీద అంకెలు మాత్రం వచ్చు. "ఊఁ" అంది.

ఆ వారమే పెదమామ విరుదునగర్ నుంచి పిల్లల్ని చూడ్డానికి వచ్చాడు. మగకుక్క ఎవరిదో వాళ్ళకు మొదటి పిల్లను ఎంచుకునే హక్కు ఉంటుంది, అది మావైపు మర్యాద. నల్లపిల్లలు రెండింటినీ చూడగానే ఆయన ముఖం మారిపోయింది. "తల్లి గోధుమ, తండ్రి గోధుమ. నలుపు ఎక్కడినించి వచ్చిందంట? మీరు సరిగ్గా కట్టేయలేదు కోడలా. ఏ వీధికుక్కో గోడ దూకింది" అన్నాడు. పెరట్లో పడుకున్న మల్లిని అందరం చూశాం, అదేదో జవాబు చెబుతుందన్నట్టు.

అవ్వకు కోపం వచ్చింది. గొళ్ళెం వేసింది ఆమె కదా. "గోడ దూకడానికి నా గదికి కిటికీ కూడా లేదు" అంది.

నాకు ఇక్కడ మా హాస్టల్లో జువాలజీ చదివే స్నేహితురాలు సాయపడింది. ఫోనులో అడిగితే ఒక చతురస్రం గీసి పంపింది. దాన్ని మామకు ఇట్లా చెప్పినాను. రంగు కోసం ప్రతి పిల్లా తల్లి దగ్గర ఒక చీటీ, తండ్రి దగ్గర ఒక చీటీ అందుకుంటుంది. గోధుమ చీటీ ఒక్కటి ఉన్నా ఒళ్ళు గోధుమగానే కనిపిస్తుంది. నలుపు-తేనె చీటీలు రెండూ కలిస్తేనే ఆ రంగు బయటపడుతుంది. మల్లిలోనూ మీ కుక్కలోనూ ఒక్కొక్క నలుపు చీటీ దాగి ఉంటే, నాలుగింట ఒక పిల్ల నల్లగా పుట్టొచ్చు. ఆరింటిలో ఒకటో రెండో. మనకు రెండు పుట్టాయి. ఈ చీటీ తల్లి ఒక్కటే ఇస్తే చాలదు మామా, తండ్రి కూడా ఇవ్వాలి.

మామ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. నమ్మాడని చెప్పలేను. కానీ ఊరికి పోయాక, పోయినేడు తన కుక్కతో జత కట్టించినవాళ్ళకు ఫోను చేసి అడిగాడంట. వాళ్ళింట్లో కూడా ఒక నల్లపిల్ల పుట్టింది. జాతి చెడిందని ఎవరన్నా అంటారని, ఎవరికీ చెప్పకుండా తీసేశారు. మామ ఈ సంగతి నాయనకు చెప్పి, "ఆ మాట మల్లిని అనకుండా ఉండాల్సింది" అన్నాడంట. కన్ని, చిప్పిపారై రెండు జాతులా ఒకటా అన్నది పెద్దవాళ్ళు తేల్చుకోనీ. ఒకే తల్లి కడుపున రెండు రంగులూ పుట్టడం నేను చూశాను.

నాలుగో వారం దాటాక పిల్లలు మనుషుల్లో పడ్డాయి. కళ్ళు పన్నెండో రోజుకే తెరిచాయి, చెవులు తెరుచుకోవడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఇక ఎంచుకోవడం మొదలు. సలహాలు ఊరంతా ఇచ్చారు. మెడ పట్టి ఎత్తితే అరవకూడదు. అంగిలి నల్లగా ఉండాలి. తోక పట్టి లాగితే తిరిగి చూడాలి. అన్నింట్లోకి పెద్దదాన్ని ఉంచుకో. కాదు, చివర పుట్టినదాన్ని ఉంచుకో. ఏ సలహాలోనూ ఆ పిల్ల ఏ ఇంట్లో ఏం చేయబోతోందన్న ప్రశ్న లేదు.

ఒకే గుణం చూసి ఎంచుకుంటూ పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మాకు దూరం పోనక్కరలేదు, రాజపాళయం ఉంది. తెల్లటి ఒళ్ళు, గులాబీ ముక్కు, ఇవే అసలైన రాజపాళయానికి గుర్తులని తరతరాలుగా తెల్లవాటినే ఉంచుకుంటూ వచ్చారు, రంగున్న పిల్లల్ని తీసేశారు. ఇప్పుడు ఆ జాతిలో చెవుడు ఒక బాధగా ఉండిపోయింది. ఒంటికి రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి, అక్కడ అవి లేకపోతే శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు పుట్టిన కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి. తెలుపును ఎంచుకున్నవాళ్ళు చెవుడును ఎంచుకోవాలని అనుకోలేదు. రెండూ కలిసి వచ్చాయి. మనం ఒకదాన్ని చూసి ఎంచుకుంటాం, దాని వెనక ఏం వస్తోందో మనకు కనపడదు.

అందుకే నా పుస్తకంలో ఒక గడి బదులు ఐదు గీసుకున్నాను. బరువు. చప్పుడుకు ఏం చేస్తుంది. కొత్త మనిషి వస్తే ఏం చేస్తుంది. గిన్నె దగ్గర మిగతావాటిని తోస్తుందా. ఎత్తి వెల్లకిలా పట్టుకుంటే ఎంతసేపటికి ఊరుకుంటుంది. ఐదో వారంలో రోజుకు ఒకసారి, పిల్లలకు వెనకగా నిలబడి సత్తుపళ్ళెం నేలమీద పడేసేదాన్ని. ఆరింటికీ చెవులు బాగున్నాయి. ఎర్రదారం మల్లి వెనక్కి పరిగెత్తి పది నిమిషాలు బయటికి రాలేదు. ఇంట్లో అందరికన్నా పెద్దది అదే! నీలిదారం దూరంగా నిలబడి మొరిగింది. ఆకుపచ్చకు, తెల్లదారానికి పెద్దగా పట్టలేదు. ఊదాదారం ఉన్నచోటే అణిగిపోయింది. పసుపుదారం నాలుగడుగులు పరిగెత్తింది, ఆగింది, తిరిగి చూసింది, మెల్లిగా వచ్చి పళ్ళేన్ని వాసన చూసి నాకింది. మరుసటి రోజూ అంతే. మూడో రోజూ అంతే.

మా ఇల్లూ కొట్టూ ఒకటే. రోజంతా మనుషులు వచ్చిపోతుంటారు, డబ్బాలు పడుతుంటాయి, బడి వదిలితే పిల్లలు మూగుతారు. అట్లాంటి ఇంటికి భయమే తెలియని కుక్క అక్కరలేదు. భయపడి, మళ్ళీ తేరుకునే కుక్క కావాలి. పసుపుదారం ఉండాలని చెప్పినాను. బరువులో అది మూడోది, అందంలో ఆకుపచ్చది మేలు. "ఊదాది కదా నువ్వు పెంచింది?" అని అమ్మ అడిగింది. నిజమే, అన్నింటికన్నా ఎక్కువ రాత్రులు దానికోసమే మేలుకున్నాను. కానీ ఆ చప్పుళ్ళ మధ్య అది జీవితమంతా అణిగి ఉండాలి. నాకు ఇష్టమని దాన్ని అక్కడ ఉంచడం దానికి మేలు కాదు అనిపించింది. చెప్పేటప్పుడు గొంతు కొంచెం పట్టేసింది, అది వేరే సంగతి.

ఎనిమిది వారాలు నిండనిదే పిల్లను అమ్మకూడదని ఆ 2017 నియమాల్లోనే ఉంది. ఇచ్చేవాటికి కూడా మేము అదే పాటించాం. నులిపురుగుల మందు రెండు వారాలకోసారి, మొదటి టీకా ఏడో వారంలో. పెదమామ వచ్చి తన హక్కు ప్రకారం ఎర్రదారాన్ని ఎంచుకున్నాడు. అది పళ్ళెం చప్పుడుకు దాక్కుంటుందని ముందే చెప్పినాను. "మాది తోట కోడలా, అక్కడ పళ్ళేలు పడవులే" అన్నాడు.

నీలిదారం కోసం కోయంబత్తూరు నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఏడు వేలు ఇస్తానన్నాడు. మొదట రాసిన మాట మీకు గుర్తుండే ఉంటుంది, మావైపు అమ్మరు. నాయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు ఆయన్ని ఇంటికి రమ్మన్నాడు. వచ్చి పెరడు, మల్లి, పుస్తకం అన్నీ చూసి, ఒక పూట ఉండి, తీసుకుపోయాడు. ఆ డబ్బు ఈ సెమిస్టరు నా హాస్టల్ ఫీజులో కలిసింది. అవ్వ రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. మల్లికి ఎన్ని గుడ్లు పెట్టామో, మందులకు ఎంత అయిందో నా పుస్తకంలోనే ఉంది. ఆ లెక్క చూస్తే నాకు అమ్మడం నేరంలా కనిపించలేదు. అవ్వకు కనిపించింది. ఇద్దరం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇక ఆడపిల్లలు మూడు. అవ్వ అడిగిన ప్రశ్న అట్లాగే ఉంది. తీసుకుపోయేవాళ్ళు ఉన్నారా?

ఆకుపచ్చ సాత్తూరులో మా అత్తవాళ్ళింటికి పోయింది. తెల్లదారం పెళ్ళికి పోయింది. కన్ని అంటే తమిళంలో కన్య. పెళ్ళికూతురికి ఆ కుక్కను ఇచ్చి పంపేవాళ్ళని మా పెద్దవాళ్ళు చెబుతారు. జూన్‌లో మా చిన్నాయన కూతురి పెళ్ళి. విరుదునగర్‌కు కాపురానికి పోతోంది. "నాకు బీరువా వద్దు, ఆ నల్లపిల్ల కావాలి" అంది. బీరువా కూడా ఇచ్చారులెండి.

ఊదాదారం మిగిలింది. అన్నింట్లోకి చిన్నది, నల్లది, ఆడది. జూన్ చివర గొర్రెలు మేపే ఒకామె కొట్టుకు బీడీలు, బెల్లం కొనడానికి వచ్చింది. ఏడాదిలో సగం రోజులు మందతో విరుదునగర్ వైపే ఉంటుందంట. ఊదాదారం ఆమె కాళ్ళ దగ్గరికి పోయి కూచుంది. ఆమె దాన్ని ఎత్తి, తిప్పి చూసి, "ఇది ఇస్తారా?" అంది. చిన్నది, చప్పుడుకు అణిగిపోతుంది అని ఉన్నదున్నట్టు చెప్పినాను. ఆమె నవ్వింది. "మందలో చప్పుడేముంది తల్లీ? మగకుక్క ఎద వాసన తగిలితే ఊరు పట్టుకుని పోతుంది. ఆడది మంద వదలదు. నేను ఆడదాన్నే పెంచుతా." అవ్వ లోపలినుంచి వచ్చి వింటోంది. ఆ కుక్క ముందు ఏమైంది, ఈ కుక్క ముందు ఏమైంది అని ఆమెను గంటసేపు అడిగింది. తరవాత తమలపాకులో పదకొండు రూపాయలు పుచ్చుకుని, తానే మెడలో దారం తీసి, పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది. దారం కొంగున ముడేసుకుంది.

పసుపుదారం పేరు ఇప్పుడు పసుపే. ఫోను చేసినప్పుడల్లా కొట్టులో డబ్బా పడిన చప్పుడు, వెంటనే దాని గోళ్ళ చప్పుడు వినిపిస్తాయి. మల్లికి ఈ ఏడాది విశ్రాంతి, వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దామని నాయన అంటున్నాడు. ఇప్పటికే ముగ్గురు అరుగుమీద కూచుని అడిగిపోయారంట. ఒకాయన మగది కావాలన్నాడు, ఒకాయన ఏదైనా సరేనన్నాడు. మూడోది ఆ గొర్రెలామె అక్క, ఆడది కావాలంది. ముగ్గురికీ అవ్వ "చూద్దాం" అందంట.